ఈ వారం నచ్చినవి పంచుకోబోతున్న అమ్మడికి

చి. అమ్మడికి,

పెద్దమ్మ ఆశీస్సులు.

ప్రతి వారం నీ కంటికి నచ్చిన బొమ్మలూ ఫొటోలూ డిజైన్లూ ఏరి ఆన్‌లైన్‌లో పంచుకుంటానన్నావు. తప్పకుండా చెయ్యి. పత్రికలకు బొమ్మలు ఎంచే పనిలోనే నా ఉద్యోగమంతా గడిచింది కాబట్టి నాకు ఈ విషయంలో గట్టి అభిప్రాయాలే ఉన్నాయి. అడిగావు గనక చెబుతున్నాను.

అయిదుకు మించి పెట్టకు. ఇరవై బొమ్మలు వరసగా పెడితే జనం వేలితో తోసుకుంటూ పోతారు, ఒక్కటీ గుర్తుండదు. దాచుకోవడం మాత్రం వారమంతా ధారాళంగా దాచుకో. దాచేటప్పుడే లింకూ, దాని కింద నువ్వు ఎందుకు ఆగావో ఒక ముక్కా రాసుకో. నీడ రంగు, చేతి వంపు, అక్షరాల మధ్య ఖాళీ, ఏదైనా సరే. ఉత్త స్క్రీన్‌షాట్ తీసి వదిలేస్తే నాలుగు రోజులకి అదెక్కడిదో తెలియదు, ఎందుకు నచ్చిందో కూడా గుర్తుండదు. వారం చివర ఫోల్డర్ తెరిచి చూడు. మొదటిసారి మెరిసినవి చాలావరకు చప్పబడి ఉంటాయి. అప్పటికీ నిన్ను ఆపుతున్నవే పంచుకో.

ఇక బొమ్మ పక్కన రాసే రెండు మాటలు. నా దృష్టిలో అసలు పని ఇదే. 'అద్భుతం', 'సూపర్' అని రాస్తే చదివేవాళ్లకి కొత్తగా అందేదేమీ లేదు. నువ్వు ఏం చూశావో రాయి. జపాన్ చిత్రకారుడు హొకుసాయ్ గీసిన పెద్ద అల బొమ్మనే తీసుకో. 1831 ప్రాంతంలో, డెబ్బై ఏళ్ల వయసులో చేసిన, చెక్కపలక మీద చెక్కి కాగితం మీద వేసే అచ్చు బొమ్మ అది. చూడనివాళ్లు అరుదు. అయినా అల కింద మూడు పడవలున్నాయనీ, వాటిలో మనుషులు వంగి అతుక్కుపోయి ఉన్నారనీ, దూరాన చిన్న అలలాగే కనిపిస్తున్నది ఫుజి పర్వతమనీ చూపించు. ఎన్నోసార్లు చూసినవాళ్లు కూడా మళ్లీ వెనక్కి వెళ్లి చూస్తారు.

దాని పక్కన ఇంకో బొమ్మ పెట్టు. అన్నా అట్కిన్స్ అనే ఇంగ్లండు ఆవిడ 1843 నుంచి సముద్రపు నాచు మొక్కల ముద్రలు తీసింది. కెమెరా లేదు. రసాయనం పూసిన కాగితం మీద మొక్కని పరిచి ఎండలో పెట్టేది. మొక్క అడ్డుపడ్డ చోట తెల్లగా మిగిలేది, వెలుగు తగిలినదంతా కడిగాక చిక్కటి నీలం అయ్యేది. సయనోటైప్ అంటారు. ఆ నీలం పేరు ప్రష్యన్ బ్లూ. హొకుసాయ్ అలలో ఉన్నదీ ప్రష్యన్ బ్లూయే, 18వ శతాబ్దం మొదట్లో బెర్లిన్‌లో పుట్టిన రంగు. ఒకచోట అచ్చువేసేవాళ్లు చెక్కకి పూసిన రంగు, ఇంకోచోట కాగితం మీద ఎండ పుట్టించిన రంగు. విడివిడిగా పెడితే రెండూ అందమైన బొమ్మలే. పక్కపక్కన పెట్టావంటే ఆ కలయిక నువ్వు చేసిన పని అవుతుంది. ప్రతి వారం ఇలాంటి జత దొరక్కపోవచ్చు. దొరికిన వారం మిగతావన్నీ తీసేసి ఆ రెండే పెట్టినా నాకు సంతోషమే.

బొమ్మ ఎవరిదో తెలియకుండా మాత్రం ఎప్పుడూ పెట్టకు. ఈ ఒక్క విషయంలో నేను మెత్తబడను. జనం నచ్చిన బొమ్మలు దాచిపెట్టుకునే పిన్‌టరెస్ట్ సైట్‌లో దొరికింది కాబట్టి పిన్‌టరెస్ట్‌కి క్రెడిట్ ఇచ్చేవాళ్లున్నారు. అది దొరికిన చోటు, గీసిన మనిషి కాదు. బొమ్మనే ఇచ్చి అది ఇంకా ఎక్కడెక్కడ ఉందో వెతికే గూగుల్ లెన్స్‌లో వెతుకు, అలాంటిదే అయిన టిన్‌ఐలో పాతవి ముందు వచ్చేలా పెట్టి చూడు. పెద్ద సైజు కాపీ దొరికితే మూలల్లో సంతకం కోసం చూడు. పేరు తెలిశాక కళాకారుడి సొంత పేజీకి వెళ్లి, ఆ బొమ్మ అక్కడుందో లేదో సరిచూసుకుని ఆ లింకే ఇవ్వు. ఎంత వెతికినా దొరక్కపోతే ఆ బొమ్మ వదిలెయ్యి, మనసు పీకినా సరే. పాత ఫొటోలంటూ తిరిగేవాటిలో ఏఐతో చేసినవీ, తర్వాత రంగులద్దినవీ కలిసిపోతున్నాయి. ఏ మ్యూజియం, ఏ లైబ్రరీ జాబితాలోనూ జాడ లేని 'పాత ఫొటో'ని నమ్మకు.

పేరు వేసినంత మాత్రాన అనుమతి ఉన్నట్టు కాదు. బతికున్న కళాకారుల పని అయితే ఒక మెసేజ్ పెట్టి అడుగు, లేదా లింకు మాత్రం ఇవ్వు. ఏ టెన్షన్ లేకుండా వాడుకోగలిగినవీ కొల్లలుగా ఉన్నాయి. న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియం 2017లో తన దగ్గరున్న పబ్లిక్ డొమైన్ (కాపీరైట్ లేని) కళాకృతుల చిత్రాలను ఎవరైనా స్వేచ్ఛగా వాడుకోవచ్చని విడుదల చేసింది. అమెరికాలోని మ్యూజియంల సంస్థ స్మిత్‌సోనియన్ 2020లో 28 లక్షల చిత్రాలతో అదే పని మొదలుపెట్టింది. మొక్కల బొమ్మలు కావాలంటే బయోడైవర్సిటీ హెరిటేజ్ లైబ్రరీ అనే ఆన్‌లైన్ గ్రంథాలయంలో గంటలు గంటలు గడిపేయొచ్చు.

వీటి పేర్లు చెప్పడానికి ఇంకో కారణం ఉంది. నీ ఫీడ్ నీకు నిన్న నచ్చినలాంటివే ఇవాళా తెచ్చిపెడుతుంది. దాని మీదే ఆధారపడితే కొన్నాళ్లకి నీ పేజీ అంతా ఒకే రంగులో, ఒకే ధోరణిలో తయారవుతుంది. అయిదింటిలో ఒకటైనా నువ్వు స్వయంగా వెతుక్కుంటూ వెళ్లి తెచ్చినదై ఉండాలి.

ఆల్ట్ టెక్స్ట్, అంటే బొమ్మలో ఏముందో చెప్పే వివరణ, రాయడం మానకు. చూపు లేనివాళ్లకి ఫోను దాన్ని చదివి వినిపిస్తుంది, బొమ్మ వాళ్లకి చేరే దారి అదే. బొమ్మని అలా మాటల్లో పెట్టబోతే నువ్వు అప్పటిదాకా గమనించనివి రెండు మూడు నీకే కనిపిస్తాయి. పాత లింకులు చచ్చిపోతుంటాయి, ముఖ్యమైనవి వెబ్ పేజీల కాపీలు దాచిపెట్టే వేబ్యాక్ మెషీన్ అనే సైట్‌లో సేవ్ చేసి పెట్టుకో.

ఏ వారమైనా గట్టిగా నచ్చినది ఒక్కటే ఉంటే ఒక్కటే పెట్టు. లెక్క సరిచేయడానికి పక్కన నాసిరకంవి చేర్చకు. పంచుకున్నాక నువ్వు రాసిన ఆ రెండు మాటలూ ఆ కళాకారుడికి కూడా పంపు. తన గీతలో ఫలానా చోట ఒక మనిషి ఆగి చూసిందని తెలియడం, ఒంటరిగా కూర్చుని గీసేవాళ్లకి లైకుల కంటే చాలా ఎక్కువ. మొదటి వారానివి సిద్ధం కాగానే నాకు లింకు పంపు, నేనూ చూస్తాను.

ఇట్లు,
నీ పెద్దమ్మ