"ఎప్పుడూ విప్పలేదు" అన్న యాంప్‌ను ముందు విప్పించి చూడండి

అయిదేళ్లుగా బేస్ గిటార్ వాయిస్తున్నానన్నారు. 1960లలో తయారైన ట్యూబ్ బేస్ యాంప్ (గాజు వాక్యూమ్ ట్యూబులతో బేస్ శబ్దాన్ని పెంచే యంత్రం) ఒకటి అమ్మకానికి వచ్చిందనీ, అమ్మే ఆయన "అంతా ఒరిజినలే, ఇన్నేళ్లలో ఎప్పుడూ విప్పలేదు" అంటున్నాడనీ రాశారు. కొనవచ్చా, కొన్నాక దానితో కాపురం చేయగలనా అన్నది మీ ప్రశ్న.

నాకు అమ్మిన ఆయన కూడా సరిగ్గా ఇదే మాట అన్నాడు. అప్పుడది నాకు వరంలా వినిపించింది. ఇప్పుడు ఎవరి నోట విన్నా భయం వేస్తుంది. ఆ మాట నిజమైతే లోపలి విద్యుత్ సరఫరాలో కరెంటును నిల్వ ఉంచి నిలకడ చేసే ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లు యాభై అరవై ఏళ్ల నాటివన్నమాట. వాటిలోని ద్రవం ఇరవై ఏళ్లకే ఎండిపోవడం మొదలవుతుంది. అబద్ధమైతే ఎవరో విప్పారు, ఏదో చేశారు, అది ఏమిటో మనకు తెలియదు. నా అదృష్టం ఎలాంటిదంటే రెండూ నిజమయ్యాయి. పాత కెపాసిటర్లు పాతవిగానే ఉన్నాయి. ఫ్యూజు మాత్రం ఎవరో మార్చారు, ఉండవలసిన దానికి రెట్టింపు ఆంపియర్లది పెట్టారు. ఫ్యూజు తరచూ కాలిపోతుంటే, ఎందుకు కాలుతోందో వెతకకుండా కాలని ఫ్యూజు పెట్టేసిన ఆ మహానుభావుడు ఎవరో నాకు ఇప్పటికీ తెలియదు.

నేను కొన్నది 1960ల మధ్య కాలపు ఆంపెగ్ బీ-15ఎన్. పోర్టాఫ్లెక్స్ అంటారు. జెస్ ఆలివర్ రూపొందించగా 1960లో మొదలైన నమూనా. పదిహేను అంగుళాల స్పీకరున్న పెట్టె మీది మూతకే యాంప్ బిగించి ఉంటుంది. మూత తిరగేస్తే ట్యూబులు పైకి లేచి నిలబడతాయి, మళ్లీ తిరగేస్తే పెట్టెలోకి తలకిందులుగా దాక్కుంటాయి. ఈ ఏర్పాటును మొదటిసారి చూసిన రోజే నా బుద్ధి సగం పోయింది. మిగతా సగం ఆంపెగ్ అన్న పేరు వెనుక కథతో పోయింది. సంస్థ స్థాపకుడు ఎవరెట్ హల్ స్వయంగా డబుల్ బేస్ వాయించేవారు. ఆ వాద్యం నేలకు ఆనే కాలుకు మైకు అమర్చడంతో ఆయన పని మొదలైంది. ఆ కాలుకు ఇంగ్లీషులో పెగ్ అని పేరు, అందులోంచి పుట్టింది ఆంపెగ్. శబ్దం పగలకుండా శుభ్రంగా ఉండాలన్నది ఆయన పట్టుదల. రాక్ సంగీతం ఆయనకు గిట్టేది కాదంటారు.

అమ్మేవారు జేమ్స్ జేమర్సన్ పేరు ఎత్తితే (అమెరికాలోని మోటౌన్ రికార్డు సంస్థ పాటలకు బేస్ వాయించిన ప్రసిద్ధుడు) మర్యాదగా విని ఊరుకోండి. ఆయన ఈ యాంప్ వాడిన మాట నిజమే. కానీ మోటౌన్ స్టూడియోలో ఆయన బేస్ ఎక్కువగా యాంప్ లేకుండా నేరుగా రికార్డింగ్ కన్సోల్‌లోకే వెళ్లేది. ఆ రికార్డుల నాదం కావాలంటే ముందు ఆయన వేళ్లు కావాలి.

నేను చేసిన తప్పు చెబుతాను. పది నిమిషాలు వాయించి కొనేశాను. పది నిమిషాల్లో ఏ ముసలి యాంప్ అయినా మర్యాదగానే ఉంటుంది. ఇంటికి తెచ్చిన రోజు నలభై నిమిషాలు దాటాక సన్నగా గుయ్యిమనే మోత మొదలైంది. వాల్యూమ్ సున్నాకు తెచ్చినా తగ్గలేదు. వెనుక నుంచి చూస్తే రెండు పవర్ ట్యూబుల్లో ఒకదాని లోపలి రేకు నిప్పుల మీద పెట్టిన ఇనుములా ఎర్రబడి ఉంది. ట్యూబులో ఫిలమెంటు నారింజ రంగులో వెలగడం మామూలే. చుట్టూ ఉన్న బూడిదరంగు రేకు ఎర్రబడితే మాత్రం వెంటనే ఆపేయాలి. ఆపేశాను.

తర్వాత మెకానిక్ చెప్పగా తెలిసింది. ముందు దశ నుంచి పవర్ ట్యూబుకు సంగీతాన్ని మాత్రమే పంపి డీసీ వోల్టేజిని ఆపవలసిన చిన్న కెపాసిటర్ ఒకటి కారుతోంది. కారడమంటే నీరు కాదు, వోల్టేజి. దానితో ట్యూబు తన తాహతుకు మించి కరెంటు లాగుతోంది. మోతకు కారణం వేరే, అది ఎండిపోయిన ఫిల్టర్ కెపాసిటర్లది, అంటే మొదట చెప్పిన విద్యుత్ సరఫరా కెపాసిటర్లది. ఇక్కడ ఒక చిట్కా. వాల్యూమ్‌తో పాటు మోత పెరుగుతూ తగ్గుతూ ఉంటే తంటా ముందు దశల్లోనో, గిటారులోనో, తీగలోనో వెతకాలి. వాల్యూమ్‌తో సంబంధం లేకుండా ఉంటే ఎక్కువగా విద్యుత్ సరఫరా వైపే చూడాలి.

ఆ రెట్టింపు ఫ్యూజు వల్ల ఇంకో గంట అలాగే నడిచి ఉంటే ట్రాన్స్‌ఫార్మరు పోయేది. ఆ రోజు నుంచి పాత యాంపుల గురించి నా అభిప్రాయం ఒక్కటే. మనం కొనేది ఇనుమును. అంటే ట్రాన్స్‌ఫార్మర్లను. కెపాసిటర్లు మార్చుకోవచ్చు, ఏళ్లు గడిచి నిరోధం పెరిగిపోయిన రెసిస్టర్లు మార్చుకోవచ్చు. 6ఎల్6, 6ఎస్ఎల్7 వంటి ట్యూబులు ఈనాటికీ కొత్తవి తయారవుతున్నాయి. స్పీకరుకు కొత్త కోన్, అంటే అదిరి శబ్దం పుట్టించే కాగితపు గరాటు, వేయించవచ్చు. కానీ ట్యూబుల శక్తిని స్పీకరుకు అందించే అసలు అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరు కాలిపోతే, దాని స్థానంలో ఎంత మంచిది పెట్టినా యాంప్ విలువా పడిపోతుంది, మీరు ఏ నాదం కోసం కొన్నారో అదీ కొంత మారుతుంది. అందుకని అమ్మే ఆయనను మొదట అడగవలసింది ట్రాన్స్‌ఫార్మర్ల ఫోటోలు. బిగించిన మరల చుట్టూ కొత్త గీతలున్నాయా, తీగలు మధ్యలో అతికి టేపు చుట్టారా, లోపలి నుంచి మైనం కరిగి కారిన గుర్తులున్నాయా చూడండి. ఎదురుగా చూసే అవకాశముంటే ముక్కు దగ్గర పెట్టి వాసన చూడండి. మాడిన వార్నిష్ వాసన ఒకసారి తగిలితే మరచిపోలేరు.

వయసు చెప్పే అంకెలు కూడా లోపలే ఉంటాయి. ఆ కాలపు అమెరికన్ యాంపుల్లో నాబ్‌ల వెనుక పొటెన్షియోమీటర్ల మీదా, స్పీకర్ల మీదా ఒక సంకేతం అచ్చు వేసేవారు. 1376620 అని ఉంటే 137 అన్నది సీటీఎస్ సంస్థ, 66 అన్నది 1966, చివరి 20 ఆ ఏడాది ఇరవయ్యో వారం. స్పీకరు మీద 220 అని మొదలైతే జెన్సెన్. విడిభాగం తేదీ యాంప్ పుట్టిన తేదీ కాదు, దానికన్నా కొన్ని నెలల ముందుది కావచ్చు. కానీ ఏళ్ల తేడా కనిపిస్తే ఆ భాగం మధ్యలో వచ్చి చేరిందని అర్థం. "అంతా ఒరిజినలే" అన్న మాటను నొప్పించకుండా పరీక్షించడానికి ఇంతకన్నా మర్యాదైన మార్గం లేదు.

వాయించి చూసేటప్పుడు మీకు బాగా వచ్చిన పాట వాయించకండి. లావు తీగను ఖాళీగా మీటి, ఆ తర్వాత ఒక్కో ఫ్రెట్ చొప్పున మెల్లగా పైకి వెళ్లండి. నాలుగు తీగల బేస్‌లో అన్నిటికన్నా కింది స్వరం దాదాపు 41 హెర్ట్జ్. పాత కాగితపు కోన్‌కు అదే అసలు పరీక్ష. ప్లగ్గు తీసి ఉంచి, రెండు చేతుల వేళ్లతో కోన్‌ను అన్ని వైపులా సమానంగా, సుతారంగా నొక్కి వదలండి. గీసుకుంటున్న చప్పుడు వస్తే లోపలి కాయిల్ పక్కకు జరిగింది. ఆ తర్వాత కనీసం గంటసేపు యాంప్ నడపనివ్వమని అడగండి. మొహమాటపడితే నాలాగే అవుతుంది.

అయితే ప్రతి గరగరా యాంప్‌ది కాదు. నా దానిలో ఒక్క జి స్వరం దగ్గర మాత్రం జిర్రుమనేది. స్పీకరును అనుమానించాను, ట్యూబులు ఒక్కొక్కటే మార్చి చూశాను, రెండు వారాలు నిద్ర పాడుచేసుకున్నాను. చివరకు మా అమ్మాయి అటుగా పోతూ పెట్టె పక్క హ్యాండిల్ మీద చెయ్యి వేసింది, చప్పుడు ఆగిపోయింది. వదులైన మర ఒకటి బిగించాక మళ్లీ రాలేదు.

ఇక ప్రాణానికి సంబంధించిన మాట. ఆ కాలపు అమెరికన్ యాంపులకు చాలావాటికి రెండు పిన్నుల ప్లగ్గే ఉండేది, ఎర్త్ లేదు. మోత తగ్గించడానికి మెయిన్స్ తీగ ఒకదానికీ లోహపు చట్రానికీ మధ్య ఒక కెపాసిటర్ పెట్టేవారు. అది లోపల కలిసిపోతే మెయిన్స్ నేరుగా చట్రానికి వస్తుంది, చట్రం నుంచి మీ గిటారు తీగలకు వస్తుంది. మీ చెయ్యి తీగల మీద, పెదవి మైకు మీద ఉన్న క్షణంలో ఏమవుతుందో ఊహించుకోండి. ఆ కెపాసిటర్ తీయించి, ఎర్త్ ఉన్న మూడు పిన్నుల తీగ వేయించండి. పాతదనం పోతుందని సేకరణకర్తలు సణుగుతారు. సణగనివ్వండి.

అలాగే మీరు స్వయంగా విప్పకండి. ప్లగ్గు తీసేశాక కూడా ఫిల్టర్ కెపాసిటర్లలో నాలుగు వందల వోల్టులకు పైగా నిలిచి ఉండవచ్చు. నా సలహా ఏమిటంటే, యాంప్ దొరకకముందే ట్యూబులు తెలిసిన మెకానిక్‌ను వెతుక్కోండి. అటువంటివారు మీకు అందుబాటులో లేకపోతే ఎంత మంచి యాంప్ అయినా వదిలేయమంటాను.

అది 120 వోల్టుల యాంప్ అయ్యి మీ గోడలో 230 వోల్టులు ఉంటే, తగిన సామర్థ్యం గల స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మరు కావాలి. 60 హెర్ట్జ్‌కు చుట్టిన ట్రాన్స్‌ఫార్మరు 50 హెర్ట్జ్ మీద కొంత ఎక్కువ వేడెక్కుతుంది, దాని చుట్టూ గాలి ఆడనివ్వండి.

కాపురం విషయానికి వస్తే, అంత కష్టమేమీ కాదు. మొదటి ఏడాది మరమ్మతులకు పోయింది, ఆ తర్వాత అది నన్ను ఇబ్బంది పెట్టింది తక్కువ. వారానికి ఒకసారైనా ఆన్ చేస్తాను, మూలన పడేస్తే కెపాసిటర్లకు మంచిది కాదు. వేడిగా ఉన్నప్పుడు కదపను. స్పీకరు తగిలించకుండా ఎప్పుడూ ఆన్ చేయను. ట్యూబ్ యాంప్‌కు అది ప్రాణాంతకం, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరు మీద వోల్టేజి ఎగిసి దాన్ని కాల్చేయవచ్చు.

మీరు అడగని ప్రశ్న ఒకటుంది, దాని సంగతే ఎక్కువ ఆలోచించండి. మీరు ఎవరితో వాయిస్తారు? బీ-15ఎన్ శక్తి పాతిక వాట్లు మాత్రమే. గట్టిగా కొట్టే డ్రమ్మర్ పక్కన అది కనిపిస్తుంది కానీ వినిపించదు. యాభై వాట్లది కొంటే రెట్టింపు శబ్దం వస్తుందనుకోకండి, పెరిగేది 3 డెసిబెళ్లే, చెవికి తెలిసేది కొద్దిగానే. అటు చివర 1969లో వచ్చిన ఆంపెగ్ ఎస్‌వీటీ ఉంది. మూడు వందల వాట్లు, పద్నాలుగు ట్యూబులు, ఎనిమిది స్పీకర్ల పెట్టె. ఇంట్లో దాని అసలు గొంతు వినాలంటే ముందు ఇరుగుపొరుగును ఊరు పంపాలి. స్లాప్ (బొటనవేలితో తీగను కొట్టి) వాయించేవారైతే పాత పదిహేను అంగుళాల కాగితపు కోన్ మిమ్మల్ని నిరాశపరుస్తుంది, దానికి పైస్థాయి మెరుపు లేదు. వేళ్లతో మెత్తగా వాయిస్తారా, ఇంట్లో, రికార్డింగుకు, చిన్న గదుల్లో వాడతారా, అయితే సరిపోతుంది. కింది స్వరం ఒకటి మీటి వదిలితే గుండ్రంగా వచ్చి ఛాతీకి తగిలే ఆ తీరు నాకు మరే యాంప్‌లోనూ దొరకలేదు. నేను అమ్మనిది అందుకే.

అమ్మే ఆయనకు లోపలి ఫోటోలు పంపమని రాయండి. పంపకపోతే అదే జవాబు. పంపితే ఇక్కడ పెట్టండి, నేనూ చూస్తాను. ఈలోగా ప్లగ్గుకు పిన్నులు రెండా మూడా అడిగి తెలుసుకోండి. మూడు అని చెబితే ఆ యాంప్‌ను ఎవరో విప్పి ఉండవచ్చు, ఎవరైనా విప్పారా, ఇంకేం మార్చారో కూడా అప్పుడే అడగండి.