లాటీ డాడ్ జీవితం రాస్తున్న అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

నీ రాతప్రతి అందింది. తీరిగ్గా కూర్చుని మొదటినుంచి చివరిదాకా చదివాను. 1880ల నాటి ఇంగ్లండ్ టెన్నిస్ క్రీడాకారిణి మీద తెలుగులో పుస్తకం రాయాలన్న ఆలోచన నీకు రావడమే నాకు ఎంతో ముచ్చటగా ఉంది. వాక్యం నీకు బాగా లొంగుతోంది. అందుకే మొహమాటం లేకుండా చెబుతున్నాను. నీ పుస్తకంలో లాటీ డాడ్ ఎక్కడా నేలమీద నిలబడలేదు. మొదటి పేజీలోనే ఆమెను ఆకాశానికెత్తావు, చివరి పేజీ వచ్చినా కిందికి దించలేదు.

ఎందుకిలా అయిందా అని మళ్లీ పేజీలు తిరగేస్తే కారణం కనిపించింది. నువ్వు రెండు సంగతులు దాచావు. ఒకటి, ఆమె ఇంట్లో ఉన్న డబ్బు. రెండు, ఆ రోజుల్లో మహిళల పోటీలకు దిగినవాళ్లు ఎంత తక్కువమందో అన్నది. అవి చెబితే ఆమె గొప్పతనం తగ్గిపోతుందని భయపడ్డావు. ఆ భయం వదిలేయి. ఆమె మనిషిగా కనబడాలంటే ముందు ఆ రెండూ పాఠకుడికి తెలియాలి.

డబ్బు సంగతే చూడు. 1871 సెప్టెంబర్ 24న చెషైర్‌లోని బెబింగ్టన్‌లో పుట్టింది లాటీ. తండ్రి జోసెఫ్ డాడ్ లివర్‌పూల్ పత్తి వ్యాపారంలో బాగా గడించాడు. నలుగురు పిల్లల్లో ఎవరికీ పొట్టకూటి కోసం పనిచేయాల్సిన అవసరం రాలేదు. ఇంటి దగ్గరే రెండు టెన్నిస్ కోర్టులు. అక్క ఆనీ ఆడుతుంది, అన్నలు విలియం, టోనీ ఆడతారు. నువ్వు ‘పుట్టుకతో వచ్చిన ప్రతిభ’ అని ఒక్క మాటలో తేల్చేసిన చోట ఆ కోర్టులను చూపించు. 1883లో మాంచెస్టర్‌లో జరిగిన నార్తర్న్ ఛాంపియన్‌షిప్స్‌లో పదకొండేళ్ల పిల్ల అక్కతో కలిసి డబుల్స్ ఆడిందంటే, ఆ పిల్ల అప్పటికే ఎన్ని సాయంత్రాలు ఆ ఇంటి కోర్టులో పరుగెత్తి ఉంటుందో పాఠకుడే ఊహించుకుంటాడు. ఆ రోజుల్లో అలాంటి కోర్టు ఉన్న ఇళ్లు చాలానే ఉండేవి. వాటిలోంచి లాటీ డాడ్ ఒక్కతే వచ్చింది. ఈ మాట చెప్పే అవకాశం డబ్బు సంగతి దాచినవాళ్లకు ఉండదు.

ఇక పోటీల సంగతి. వింబుల్డన్‌లో మహిళల సింగిల్స్ మొదలైంది 1884లో. ఆ ఏడు బరిలో దిగినవాళ్లు 13 మంది. 1890 నాటికి ఆ సంఖ్య నాలుగుకు పడిపోయింది. 1887లో లాటీ మొదటిసారి గెలిచినప్పుడు కూడా పోటీదారులను లెక్కపెట్టడానికి చేతివేళ్లు చాలు. పైగా అప్పట్లో ముందటి ఏడాది విజేత మిగతా రౌండ్లు ఆడనక్కర్లేదు. మిగిలినవాళ్లలో గెలిచి వచ్చినవారితో చివరి మ్యాచ్ ఒక్కటి ఆడితే చాలు. ఇవన్నీ దాచి ‘ఐదుసార్లు వింబుల్డన్ విజేత’ అని మాత్రం రాస్తే, ఈనాటి పాఠకుడు ఏడు రౌండ్లూ 128 మందీ ఉన్నారనుకుంటాడు. రేపు అతనికి అసలు సంగతి ఇంకెక్కడో తెలుస్తుంది. ఆ తర్వాత నువ్వు ఏం చెప్పినా నమ్మడు.

అయితే సంఖ్య చెప్పి ఊరుకోకు. ఎదురుగా నిలబడింది ఎవరో చెప్పు. నీ ప్రతిలో నన్ను బాగా బాధపెట్టింది ఇదే. బ్లాంచ్ బింగ్లీ పేరు ఓడిపోయిన మనిషిగా వచ్చి వెళ్లిపోతుంది. పెళ్లయ్యాక బ్లాంచ్ హిల్‌యార్డ్ అయిన ఆమే 1886, 1889, 1894, 1897, 1899, 1900 సంవత్సరాల్లో, మొత్తం ఆరుసార్లు, వింబుల్డన్ సింగిల్స్ గెలిచింది. చివరిసారి గెలిచేనాటికి ఆమెకు 36 ఏళ్లు. అంతటి క్రీడాకారిణి లాటీ చేతిలో 1887, 1888, 1891, 1892, 1893 ఫైనల్స్ ఐదింటిలోనూ ఓడింది. లాటీ బరిలో లేని 1889లో టైటిల్ మళ్లీ బ్లాంచ్‌దే. లాటీ ఎంత గొప్ప ఆటగత్తెనో తెలియాలంటే నీ విశేషణాలన్నీ కొట్టేసి ఈ ఒక్క సంగతి రాయి. బ్లాంచ్‌కు ఒక పూర్తి అధ్యాయం ఇవ్వాలి.

మ్యాచ్‌ల విషయానికొస్తే, ఐదు ఫైనల్సూ ఒకే నిడివిలో వర్ణించావు. అక్కర్లేదు. 1887లో 6-2, 6-0. రెండో సెట్ పది నిమిషాల్లో ముగిసిందంటారు. ఆ వేగం చెప్పి ముందుకు వెళ్లు. 1888, 1891, 1892 ఫైనల్స్ కూడా వరుస సెట్లలోనే తేలిపోయాయి. అవి ఒక పేరాలో సర్దుకుంటాయి. నిలబడాల్సింది 1893 దగ్గర. 6-8, 6-1, 6-4. ఆ ఐదు ఫైనల్స్‌లో లాటీ సెట్ కోల్పోయింది అక్కడొక్కచోటే. ఆ మ్యాచ్‌లోనే ఆమె గట్టిగా కిందపడింది. మొదటి సెట్ పోగొట్టుకుని కూడా మిగతా రెండూ గెలిచింది. నీ ప్రతిలో ఈ మ్యాచ్‌కు దక్కింది రెండు వాక్యాలు! ఆ రోజు బ్లాంచ్ గెలుపుకు ఎంత దగ్గరగా వచ్చిందో చూపించు. పదిపేజీలైనా ఫరవాలేదు, నేను విసుగు లేకుండా చదువుతాను.

‘పిడుగులాంటి సర్వీస్’ అని రెండుచోట్ల రాశావు. తీసేయి. అప్పటి మహిళల్లో చాలామంది లాగే లాటీ కూడా చేయి కిందనుంచి సర్వీస్ చేసేది. ఆమె బలం వేరే చోట ఉంది. మహిళలు కోర్టు వెనక గీత, అంటే బేస్‌లైన్ దగ్గరే ఉండిపోయే కాలంలో నెట్ దగ్గరికి వచ్చి, బంతి నేలను తాకకముందే కొట్టే వాలీలు, తలమీదనుంచి బలంగా కొట్టే స్మాష్‌లు ఆడింది. ఆ కాలంలో ఒక అమ్మాయి నెట్ దాకా పరుగెత్తడమంటే ఏమిటో చెప్పాలంటే బట్టల గురించి రాయక తప్పదు. నువ్వు బట్టల ఊసే ఎత్తలేదు.

ఎదిగిన స్త్రీలు కోర్టులోకి ఎలా వచ్చేవారో ఒక్కసారి కళ్లముందుకు తెచ్చుకో. నడుము బిగించి కట్టే కార్సెట్, అందులో ఊపిరి నిండుగా పీల్చుకోనివ్వని బద్దలు. దానిమీద మెడదాకా బొత్తాలు, మణికట్టుదాకా చేతులు. కింద ఒకదానిమీద ఒకటి లోపలి పావడాలు, పైన చీలమండల దాకా దిగే బరువైన స్కర్టు. తలమీద టోపీ. ఇదంతా జులై ఎండలో, పచ్చిక కోర్టుమీద. ఒక చేతిలో రాకెట్ పట్టుకుని, స్కర్టు అంచు కాలికింద పడకుండా చూసుకుంటూ బంతి వెంట వెళ్లాలి. ఇప్పుడు పదిహేనేళ్ల లాటీని చూడు. బడిపిల్ల కాబట్టి పిక్కల దాకా ఉండే స్కర్టు వేసుకున్నా ఎవరూ తప్పుపట్టరు. నల్లమేజోళ్లు, నల్లబూట్లు, కుచ్చుటోపీ కాకుండా క్రికెట్ ఆడేవాళ్లు పెట్టుకునే మాదిరి చిన్న టోపీ. ఆమెకు పరుగెత్తే వీలుంది. చిన్న వయసును నువ్వు అద్భుతంగా మాత్రమే చూశావు. ఆ వయసు ఆమె కాళ్లకు కొంత స్వేచ్ఛ కూడా ఇచ్చింది. ఈ సంగతి తెలిశాక, పెద్దదై అందరిలాగే పొడుగు స్కర్టుల్లోకి వచ్చాక కూడా 1891 నుంచి వరుసగా మూడేళ్లు గెలిచిందన్న మాటకు ఎంత బరువు వస్తుందో చూశావా?

ఆమె తానే రాసింది కూడా. స్త్రీలు పరుగెత్తడం నేర్చుకోవాలని, ఉన్న శక్తినంతా పెట్టి పరుగెత్తాలని చెప్పింది. నాలుగడుగులు వేసి ‘నావల్ల కాదు’ అని ఆగిపోయేవాళ్లు గట్టిగా ప్రయత్నిస్తే, అందదనుకున్న బంతి ఎంతో తేలిగ్గా అందుతుందని మందలించింది. ఆమె మాటలు మనకు దక్కి ఉండగా, నువ్వు ఆమె నోట కల్పిత సంభాషణలు పెట్టడం నాకు నచ్చలేదు.

పురుషులతో ఆడిన మ్యాచ్ గురించి కూడా ఒక మాట. 1888లో ఎక్స్‌మత్‌లో ఎర్నెస్ట్ రెన్‌షాతో ఆడింది. ఆయన ఆ ఏటి వింబుల్డన్ విజేత. ప్రతి గేమూ లాటీకి 30-0, అంటే రెండు పాయింట్ల ఆధిక్యం ఇచ్చి మొదలుపెట్టారు. 2-6, 7-5, 7-5తో ఎర్నెస్టే గెలిచాడు. నువ్వు ఆధిక్యం సంగతి వదిలేసి ‘వింబుల్డన్ విజేతను వణికించింది’ అన్నావు. ఆధిక్యం ఉందని చెప్పిన తర్వాత కూడా ఆ స్కోరు గొప్పగానే ఉంటుంది.

1889లో ఆమె వింబుల్డన్‌కు రాలేదు. ఆ సమయంలో స్కాట్లండ్ తీరంలో నావ మీద విహరిస్తోంది. 1893 తర్వాత, 21 ఏళ్లకే సింగిల్స్ పోటీలు మానేసింది. ఈ రెండుచోట్లా నువ్వు ఆమె మనసులోకి దూరి పేజీలకు పేజీలు స్వగతాలు రాశావు. ఒక్కటీ ఉంచకు. ఆమె తర్వాత ఏం చేసిందో వరుసగా చెబితే, ఎలాంటి మనిషో అదే తెలుస్తుంది. స్విట్జర్లండ్‌లోని సెయింట్ మోరిట్జ్‌లో పురుషులకు పెట్టే స్కేటింగ్ పరీక్ష నెగ్గింది. 1896 ఫిబ్రవరిలో, మంచుకాలంలో, ఆల్ప్స్ పర్వతాల్లోని పిట్జ్ జుపో శిఖరమెక్కింది. హాకీలో ఇంగ్లండ్ జట్టుకు ఆడి 1900లో ఐర్లండ్ మీద రెండు గోల్స్ కొట్టింది. 1904లో ట్రూన్‌లో జరిగిన బ్రిటిష్ మహిళల గోల్ఫ్ ఫైనల్లో, అప్పటికే రెండుసార్లు ఛాంపియన్ అయిన మే హెజ్లెట్‌ను ఒక్క హోల్ తేడాతో ఓడించింది. వింబుల్డన్, బ్రిటిష్ మహిళల గోల్ఫ్ రెండూ గెలిచింది ఆమె ఒక్కతే.

1908 లండన్ ఒలింపిక్స్ విలువిద్య పోటీ మాత్రం ఇలా గబగబా దాటేయకు. పాల్గొన్న 25 మంది మహిళలూ బ్రిటన్‌వాళ్లే. ఇదీ చెప్పాల్సిందే. మొదటిరోజు ముగిసేసరికి లాటీ ముందంజలో ఉంది. రెండోరోజు క్వీనీ న్యూవల్ ఆమెను దాటి 688 పాయింట్లతో స్వర్ణం గెలిచింది. లాటీకి 642, రజతం. న్యూవల్ వయసు అప్పటికి 53. పదిహేనేళ్లకు గెలిచినమ్మాయి ముప్పై ఆరేళ్ల వయసులో యాభై మూడేళ్ల మనిషి చేతిలో ఓడింది. అదే క్రీడల్లో పురుషుల విలువిద్యలో ఆమె అన్న విలియం స్వర్ణం గెలిచాడు. అక్క, అన్నలు, ఇంటి కోర్టులతో మొదలైన కథ మళ్లీ కుటుంబం దగ్గరికి చేరే ఘట్టం నీ ప్రతిలో అసలు లేనే లేదు.

తెలుగు పాఠకులను దగ్గర చేయడానికి సానియా మీర్జాతో పోలికలు తెచ్చావు. అవి అతకలేదు. వాళ్లిద్దరి ఆటకూ కాలానికీ పొంతన లేదు. కానీ నిజమైన ముడి ఒకటుంది. 1996లో స్విట్జర్లండ్ క్రీడాకారిణి మార్టినా హింగిస్ వింబుల్డన్ డబుల్స్ టైటిల్ గెలిచినప్పుడు ఆమె వయసు 15 ఏళ్ల 282 రోజులు. 1887లో లాటీది 15 ఏళ్ల 285 రోజులు. మూడు రోజుల తేడాతో వింబుల్డన్ అతిపిన్న విజేత అన్న పేరు చేతులు మారింది. సింగిల్స్‌లో మాత్రం లాటీ రికార్డు ఈనాటికీ నిలిచే ఉంది. ఆ హింగిస్‌తోనే జోడీకట్టి సానియా 2015లో వింబుల్డన్ డబుల్స్ గెలిచింది. కావాలంటే ఇది ఒక వాక్యంలో చెప్పు, అంతకుమించి లాగకు.

మరణ ఘట్టంలో కన్నీళ్లూ వణికే పెదవులూ తీసేయి. 1960 జూన్ 27న, 88 ఏళ్ల వయసులో, హాంప్‌షైర్‌లోని స్వే అనే ఊళ్లో, వింబుల్డన్ పోటీలు జరుగుతున్న రోజుల్లోనే పోయింది. ఉన్నదున్నట్టు రాస్తే చాలు.

మొత్తం మళ్లీ రాయాలేమోనని గాబరా పడకు. ముందు బ్లాంచ్ అధ్యాయం, దాంట్లోనే 1893 ఫైనల్ రాసి పంపు. అది కుదిరాక మిగతావి ఎక్కడ తగ్గించాలో కూర్చుని చూద్దాం. ఈసారి పేజీకి ఒకవైపే అచ్చు వేయించు, పక్కన నేను రాయడానికి చోటు ఉంటుంది. మీ అమ్మగారిని, నాన్నగారిని అడిగానని చెప్పు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు