అపార్ట్‌మెంట్ ఎస్టీపీకి మైక్రోప్లాస్టిక్ ఫిల్టర్ కొనాలా?

విశాఖ మధురవాడలో మీ అపార్ట్‌మెంట్ ఎస్టీపీకి (మురుగునీటిని శుద్ధి చేసే ప్లాంటుకి) సన్నటి ప్లాస్టిక్ నలుసుల్ని ఆపే 'మైక్రోప్లాస్టిక్ ఫిల్టర్' అంటూ చాలా సన్నటి (5 మైక్రాన్ల) సందులున్న కార్ట్రిడ్జ్‌లు అమ్మడానికి వచ్చారు, పెట్టించుకోవాలా అని అడిగారు. నన్నడిగితే వద్దండీ. ఎండాడ వైపు మా అపార్ట్‌మెంట్‌లో ఎస్టీపీ వ్యవహారం నేనే చూస్తుంటాను. మురుగు శుద్ధయ్యాక కూడా ఆ నీళ్లలో సన్నటి జిగురు మిగులుతుంది. ప్లాస్టిక్ సంగతి తర్వాత, ముందు ఆ జిగురుకే కార్ట్రిడ్జ్ పూడుకుపోతుంది. కొత్తవి కొంటూ ఉండటమే మీ పని.

మీకు ప్రెషర్ శాండ్ ఫిల్టర్ (ఒత్తిడితో నీళ్లను ఇసుక గుండా పంపే ట్యాంకు) ఉందన్నారు కదా, దాన్ని తీసిపారేయకండి. ఇసుక సందులు చాలా ప్లాస్టిక్ నలుసుల కంటే పెద్దవే. అయినా నీళ్లు అంత మందాన మెలికలు తిరుగుతూ దిగాలి కాబట్టి ఎక్కువ భాగం అందులోనే చిక్కుకుంటుంది. 2017లో ఫిన్లాండ్ పరిశోధకులు కొలిచినప్పుడు ప్లాస్టిక్ నలుసుల్ని ఇసుక ఫిల్టర్ 97 శాతం, సన్నటి పొరతో (మెంబ్రేన్‌తో) వడకట్టే ఎంబీఆర్ పద్ధతి 99.9 శాతం ఆపాయి. అవి జాగ్రత్తగా నడిపే పెద్ద ప్లాంట్లు లెండి, గాలి కొట్టే బ్లోయర్ పాడైతే వారం పట్టించుకోని మన ప్లాంట్లతో పోలిక లేదు.

అసలు చూడాల్సింది బ్యాక్‌వాష్ పైపు, అంటే నీళ్లు ఎదురు తిప్పి ఇసుకను కడిగినప్పుడు ఆ మురికి బయటికెళ్లే పైపు. మాకు ప్లాంట్ కట్టిన కాంట్రాక్టరు దాన్ని వాన కాలువలో కలిపేశాడు. అంటే ఇసుక పట్టిందంతా బ్యాక్‌వాష్ చేసిన ప్రతిసారీ గెడ్డలోకి (వాగులోకి), అట్నుంచి సముద్రంలోకి! ఇక ఫిల్టర్ ఉండి ఏం లాభం? ప్లంబర్‌ని పిలిపించి ఆ పైపును మొదటి ట్యాంకులోకి తిప్పించాం. ఇప్పుడు ఆ చెత్త మళ్లీ ప్లాంట్‌లోకే వెళ్లి చాలావరకు బురదలో దిగుతుంది.

ఆ బురదతోనే ఇంకో తలనొప్పి. ఆరబెట్టి ఎరువుగా మొక్కలకు వేస్తే ప్లాస్టిక్ కాస్తా మట్టిలోకి చేరుతుంది. అందుకే మా తోటమాలితో అది మాన్పించాం.

డబ్బులు పెట్టాలనే ఉంటే వాషింగ్ మెషీన్ల దగ్గర పెట్టండి. పాలిస్టర్ బట్టల నుంచి ఊడే పోగులే మన మురుగులో పెద్ద వాటా. ఫ్రాన్స్ అయితే 2025 నుంచి కొత్త మెషీన్లకు ఈ పోగుల్ని పట్టే ఫిల్టర్ ఉండాలని 2020లోనే చట్టం చేసింది. మెషీన్ నీళ్లు బయటికొచ్చే పైపుకి తగిలించే ఫిల్టర్లు దొరుకుతాయి. ఒక్కటి మాత్రం ఇంట్లో అందరికీ చెప్పండి: దాన్ని కుళాయి కింద కడగకూడదు. పట్టిన పీచును ఆరనిచ్చి, చేత్తో తీసి పొడి చెత్తలో వేయాలి.