బానెట్ కూర్చోకపోతే ముందు చూడాల్సింది బానెట్‌ని కాదు

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన ఫోటోలు చూశాను. తాతగారి అంబాసిడర్ బానెట్ డ్రైవరు వైపు వెనక మూల పైకి లేచింది, ఎడం పక్క ఫెండర్‌కి (చక్రం మీది పక్క రేకుకి) రాసుకుంటోంది, ముందు వైపు మాత్రం బానే కూర్చుంది. షాపులో "మోకాలు పెట్టి రెండు నొక్కులు నొక్కితే దిగిపోద్దండి" అన్నారని రాశావు. ఆ పని మాత్రం చెయ్యనివ్వకురా. అలా నొక్కితే మూల దిగుతుంది, దాంతోపాటు మడతబందు (హింజ్) దగ్గర రేకు మీద ఒక గీత పడుతుంది. ఆ గీత పుట్టీతో కప్పేదే గాని పోయేది కాదు. 2014లో ఉత్తరపారా ఫ్యాక్టరీలో అంబాసిడర్ తయారీ ఆగిపోయింది, ఇక మంచి రేకు పాత బళ్ల మీంచి ఏరుకోవాల్సిందే. ఉన్నదాన్ని కాపాడుకో.

స్పానర్ పట్టుకునే ముందు బండిని సిమెంటు నేల మీదకి తీసుకురా. మన కొబ్బరితోటలో ఒండ్రు నేల మీద పెట్టి కొలిస్తే కొలతలన్నీ అబద్ధమే, ఒక చక్రం అంగుళం దిగినా తెలియదు. ముందు రెండు టైర్లలో గాలి సమానంగా ఉండాలి, వెనక రెంటిలోనూ అంతే. బండి చక్రాల మీదే నిలబడాలి, జాకీ మీద ఉండగా బానెట్ సరిచెయ్యకు. అంబాసిడర్‌కి బాడీని మోసే ఛాసీ విడిగా లేదు, బాడీయే ఛాసీ. ఒక మూల ఎత్తితే బాడీ అంతా కొద్దిగా మెలి తిరుగుతుంది. బానెట్‌కీ ఫెండర్‌కీ మధ్య జాకీ మీద కుదిర్చిన సందు కిందకి దించగానే మారిపోతుంది.

సందు కొలవడానికి డ్రిల్ బిట్ల కాడలు వాడు. 4, 5, 6 మిల్లీమీటర్ల బిట్లు మూడు చాలు. ఒక్కో పక్క మూడు చోట్ల, ముందు, మధ్య, వెనక, ఏ కాడ బిగువుగా దూరుతుందో చూసి ఫెండర్ మీద మాస్కింగ్ టేపు అంటించి దాని మీద రాయి. సుమారు 5 మిల్లీమీటర్లు రెండు పక్కలా ఒకేలా వస్తే ఆ బండికి చాలా బాగున్నట్టే. ఎత్తు తేడాకి ఉక్కు స్కేలుని ఫెండర్ మీంచి బానెట్ మీదకి అడ్డంగా ఆనించి చూడు.

ఇప్పుడు బానెట్‌ని వదిలేసి తలుపుల దగ్గరకి వెళ్లు. చాలామంది పొరపాటు పడేది ఇక్కడే. సందులు వెనక నుంచి ముందుకి చూసుకుంటూ రావాలి. వెనక తలుపు బాడీకి కుదరాలి, ముందు తలుపు వెనక తలుపుకి, ఫెండర్ ముందు తలుపుకి, ఆఖర్న బానెట్ ఫెండర్లకి. ముందు తలుపుకీ ఫెండర్‌కీ మధ్య సందు పైన వెడల్పుగా, కింద ఇరుగ్గా ఉంటే బండి ముక్కు కిందకి వాలినట్టు. దానికి కారణం సాధారణంగా తలుపుల కింద పొడుగునా ఉండే బోలు రేకు పెట్టె, ఫ్లోరు, లోపల్నుంచి తుప్పు పట్టి తినేయడం. అంతర్వేది, ఓడలరేవు గాలిలో ఉప్పుంటుంది, వరదల్లో నీళ్లు నిలిచిన బండైతే ఆ పెట్టెలో ఒండ్రు కూడా చేరి తడి పట్టి ఉంచుతుంది. సుత్తి పిడితో కొట్టి చూడు. ఖంగుమంటే గట్టి, డబ్‌మంటే లోపల పోయింది. పోయుంటే ముందు అది కట్టించు, బానెట్ పని తర్వాత. ఫెండర్ ఒక్కటే జరిగి ఉంటే దాని బోల్టులు వదులు చేసి, కావాల్సిన చోట వాషర్లు పెట్టి తలుపుకి కుదిర్చేస్తే సరిపోతుంది.

తలుపులు బాగుంటే అప్పుడు బానెట్. ముందు లాక్ పిన్ను విప్పేసి పక్కన పెట్టు. మూలల్లో ఉండే రబ్బరు బఫర్లు పూర్తిగా కిందకి దించెయ్యి. ఇప్పుడు బానెట్‌ని మెల్లగా వాల్చి చూడు. రాసుకోవడం మాయమైతే దోషం లాక్‌ది, పిన్ను పక్కకి ఉండి బానెట్‌ని లాగుతోందన్నమాట. మాయం కాకపోతే మడతబందుల వైపు చూడు.

నీ ఫోటో బట్టి నాకు అనుమానం డ్రైవరు వైపు మడతబందు మీదే. బానెట్ సగం తెరిచి ఆ వెనక మూల పట్టుకుని పైకీ కిందకీ ఊపు. టక్‌టక్‌మని ఆడితే మడతబందు పిన్ను అరిగింది. అస్సలు కదలకుండా బిర్రుగా ఉంటే పిన్ను తుప్పుతో పట్టేసింది. మూల పైకి లేవడానికి ఎక్కువగా ఈ రెండోదే కారణం. మడతబందు తిరగనంటుంది, ముందు నుంచి మనం బలంగా మూస్తాం, ఆ బలమంతా బోల్టుల దగ్గర రేకుని వంచుతుంది, వెనక మూల లేస్తుంది. అలాంటి మూలని మోకాలితో నొక్కితే ఏమవుతుందో ఆలోచించు. నాలుగు రోజుల్లో మళ్లీ లేస్తుంది, ఎందుకంటే పట్టేసిన పిన్ను ఇంకా అలాగే ఉంది.

విప్పే ముందు మడతబందు చుట్టూ బానెట్ మీదా, బాడీ మీదా సూదిమొనతో గీత గియ్యి. గీత ఉంటే ఎంత జరిపావో కళ్లకి కనబడుతుంది. బానెట్ దించడానికి ఇద్దరు కావాలి, వెనక మూలల కింద పాత దుప్పటి మడిచి పెట్టండి, జారితే అద్దం కింది రేకు మీదే పడుతుంది. మడతబందుని డీజిల్లో రాత్రంతా నానేసి, పొద్దున్న వైస్‌లో బిగించి చేత్తో కొద్దికొద్దిగా ఆడించు. మంట పెట్టకు. వదిలాక గ్రీజు పెట్టు. పిన్ను రంధ్రం కోడిగుడ్డులా సాగిపోయుంటే వెల్డింగుతో పూడ్చడం పనికిరాదు. లేత్ షాపులో రంధ్రం రీమర్‌తో గుండ్రం చేయించి, ఇత్తడి బుష్ (గొట్టంలాంటి తొడుగు) కొట్టించి, కొత్త పిన్ను తిప్పించు. చేత్తో తిప్పితే తిరగాలి, ఊపితే ఊగకూడదు, కొలత అదే.

బానెట్ దిగి ఉన్నప్పుడే మెలి ఉందేమో చూసెయ్యి. తిరగేసి మెత్తటి బల్ల మీద పెట్టి, మూల నుంచి ఎదురు మూలకి రెండు దారాలు బిగించి కట్టు. రెండు పక్కలూ ఒకేలా ఉన్న రేకుకి నాలుగు మూలలూ ఒకే తలంలో ఉంటాయి, కాబట్టి దారాలు మధ్యలో ఒకదాన్నొకటి తాకాలి. ఒకసారి పై దారాన్ని కిందకి మార్చి కూడా చూడు. ఒకసారి దారాల మధ్య సందు కనబడి, మార్చాక దారాలు ఒకదాన్నొకటి వంచుతుంటే బానెట్ మెలి తిరిగినట్టే. మెలి తియ్యడానికి బానెట్ మళ్లీ బిగించాక, ముందు వైపు కిందకి వాలిన మూల దగ్గర గుడ్డ చుట్టిన అంగుళం మందం చెక్క పెట్టి, రెండో ముందు మూలని రెండు అరచేతులతో మెల్లగా నొక్కు. నొక్కి వదిలి కొలిచి చూడు, మళ్లీ నొక్కు. అరచేతులు వెడల్పుగా, అంచుకి దగ్గరగా ఉండాలి, రేకు మధ్యలో ఎప్పుడూ నొక్కకు. బానెట్ కింద గట్టిదనానికి ఉండే రిబ్బు దగ్గర వెల్డు ఊడి ఉంటే ముందు అది అంటించాలి, లేకపోతే ఎంత నొక్కినా వెనక్కి పోతుంది.

తిరిగి బిగించేటప్పుడు బోల్టులు జారేంత వదులుగా మాత్రమే ఉంచు. ముందుకీ వెనక్కీ, పక్కలకీ జరపడం మడతబందుకీ బానెట్‌కీ మధ్య బోల్టుల దగ్గర. వెనక అంచు మొత్తం ఎత్తూ పల్లం బాడీ వైపు బోల్టుల దగ్గర. అప్పటికీ ఒక మూల కుదరకపోతే వాషర్ ఆసరా. మడతబందుకీ బానెట్‌కీ మధ్య వెనక బోల్టు దగ్గర వాషర్ వేస్తే వెనక మూల లేస్తుంది, ముందు బోల్టు దగ్గర వేస్తే వెనక మూల దిగుతుంది. ఒక మిల్లీమీటరు వాషర్‌తో మొదలుపెట్టు, అంతకే ఎంత తేడా వస్తుందో చూస్తావు.

ఇంకా ఒక పక్క సందు ఎక్కువుంటే అంచుకి 2 మిల్లీమీటర్ల ఊచ వెల్డు చేయించి అరగదీయించవచ్చు. తీగ దానంతటదే వచ్చే సీఓటూ వెల్డింగుతో అర అంగుళం అతుకు వేసి, రెండంగుళాలు వదిలి ఇంకొకటి, చల్లారాక మధ్యలోవి. గ్యాస్ వెల్డింగు ఇక్కడ వద్దు, రేకు అలలు తేలుతుంది. ఇరుగ్గా ఉన్న పక్కని గ్రైండర్‌తో తీస్తాననే వాడిని ఆపు. అక్కడ రేకు మడిచి ఉంటుంది, మడత తెగితే రెండు పొరలూ విడిపోతాయి.

అన్నీ కుదిరాక, రంగు వెయ్యక ముందే, ఒక్కో మడతబందు బోల్టుల పక్కన, మడతబందు రేకులోంచి బానెట్ లోపలి రిబ్బు దాకా 3 మిల్లీమీటర్ల రంధ్రం ఒకటి వేసుకో. పై రేకు తగలకుండా బిట్‌కి టేపు చుట్టి లోతు గుర్తు పెట్టు. రంగు అయ్యాక ఆ రంధ్రంలో అదే బిట్ కాడ దూర్చి బోల్టులు బిగిస్తే బానెట్ పాత చోటికే వస్తుంది. వానాకాలంలో ఎన్.సి. (నైట్రోసెల్యులోజ్) రంగు వేయిస్తే తేమకి తెల్లగా మసకబారుతుంది, నాలుగు రోజులు ఎండ కాసేదాకా ఆగు.

లాక్ ఆఖరిది. పిన్ను బోల్టులు వదులుగా ఉంచి బానెట్ రెండుసార్లు మెల్లగా మూస్తే పిన్ను తన మధ్య తానే వెతుక్కుంటుంది, అప్పుడు బిగించు. బఫర్లు పైకి తిప్పి ముందు మూలలు ఫెండర్ ఎత్తుకి తీసుకురా. జానెడు ఎత్తు నుంచి వదిలితే లాక్ పడిపోవాలి, పడకపోతే పిన్ను పొడుగు లాక్‌నట్ దగ్గర సరిచెయ్యి. లాక్ తీశాక రెండో కొక్కెం బానెట్‌ని పట్టి ఆపుతోందా లేదా పదిసార్లు చూడు. సిద్ధాంతం ఊరి దగ్గర గోదావరి వంతెన మీద లారీ గాలికి బానెట్ లేచి అద్దానికి కొడితే ముందు ఏమీ కనబడదు. ఆ కొక్కెం పనిచెయ్యకుండా బండి రోడ్డెక్కించకు.

కాలవ గట్టు రోడ్డు మీద పది కిలోమీటర్లు తిప్పి, బోల్టులు మళ్లీ ఒకసారి బిగించు.

ప్రస్తుతానికి ఏదీ విప్పకు. టేపు మీద రాసిన ఆరు కొలతలూ, మూల ఊపితే ఆడిందో బిర్రుగా ఉందో, అంతే రాసి పంపు.

మీ మామయ్య