నాలుక క్యాన్సర్ అని తేలాక ముందు చూసుకోవాల్సినవి

చిరంజీవి అబ్బాయికి,

నాన్న నాలుక పక్కన మానని పుండు క్యాన్సరేనని బయాప్సీలో (చిన్న ముక్క తీసి చేసే పరీక్షలో) తేలిందని రాశావు. కంగారులో దొరికిన చోటల్లా కోయించొద్దు. "చిన్నదే, ఇవాళే తీసేస్తాం" అన్నా ఒప్పుకోకు. నయం చేసే అవకాశం ఎక్కువగా మొదటి ఆపరేషన్‌దే. పుండు చుట్టూ సుమారు సెంటీమీటరు మంచి కండతో కలిపి తీయాలి. అంచుల్లో మిగిలిపోతే, కుట్లు పడ్డాక అది ఎక్కడుందో పట్టుకోవడం సర్జన్‌కి చాలా కష్టం.

ల్యాబ్ నుంచి రిపోర్టు కాగితమే కాదు, ఆ ముక్కతో చేసిన గాజు స్లైడ్లు, ముక్కని దాచిన మైనం బ్లాకులు కూడా అడిగి తెచ్చుకో. పెద్దాసుపత్రిలో మళ్ళీ చూస్తారు. హైదరాబాద్‌లో ఎం.ఎన్.జె., బసవతారకం, విశాఖలో హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రులు ఉన్నాయి. ఆరోగ్యశ్రీ కార్డు మొదటి రోజే చూపించు.

ఎం.ఆర్.ఐ. తీశాక ఒకటే అడుగు: పుండు లోతు ఎన్ని మిల్లీమీటర్లు? పైకి 2 సెంటీమీటర్లే కనిపించినా, లోపలికి 5 మిల్లీమీటర్లు దాటితే స్టేజి పెరుగుతుంది, 10 దాటితే ఇంకా పెరుగుతుంది.

నాలుకతోపాటు మెడలోని లింఫు గ్రంథులు కూడా తీసే ఆపరేషన్ దగ్గరే చాలామంది వెనకాడతారు. "గడ్డేమీ తగల్లేదు కదా, మెడెందుకు?" అంటారు. చేతికి తగలని గ్రంథుల్లోనూ క్యాన్సర్ కణాలు ఉండొచ్చు. ముంబై టాటా మెమోరియల్ వాళ్ళు 2015లో ప్రచురించిన పరిశోధనలో, తొలి దశలోనే నోటితోపాటు మెడ గ్రంథులూ తీసినవారిలో మూడేళ్ళకి 80 శాతం మంది బతికున్నారు. గడ్డ కనిపించేదాకా ఆగినవారిలో 67.5 శాతమే. కాబట్టి మెడ వద్దనకండి.

నాలుక ఎక్కువగా తీయాల్సొస్తే మణికట్టు దగ్గరి చర్మాన్ని రక్తనాళంతో సహా తెచ్చి అతుకుతారు. మామూలుగా ఎడమ చేయి వాడతారు, అందుకని ఆ చేతికి సెలైన్, రక్తపరీక్ష సూదులు పొడవనివ్వకు. నర్సు మారినప్పుడల్లా చెప్పాలి. కొన్నాళ్ళు ముక్కు గొట్టంతోనే ఆహారం.

తీసిన ముక్క రిపోర్టు చూసి రేడియేషన్ కావాలంటే ఆపరేషన్ అయిన 6 వారాల్లోపు మొదలవ్వాలి. వారానికి అయిదు రోజుల చొప్పున సుమారు 30 సిట్టింగులు ఉంటాయి. పుచ్చు పళ్ళు దానికి ముందే, వీలైతే ఆపరేషన్‌లోనే తీయించండి. రేడియేషన్ తర్వాత పన్ను పీకితే ఆ గాయం మానక దవడ ఎముక చచ్చిపోయే ప్రమాదం ఉంది. కీమో ఒక్కటే ఇస్తామంటే మాత్రం ఇంకో డాక్టర్‌ని అడుగు, దాంతోనే ఇది నయం కాదు.

గుట్కా, చుట్ట ఈ రోజే మానిపించు. స్లైడ్లు చేతికి రాగానే కబురు చెయ్యి.

ఇట్లు,
మీ పెదనాన్న