సేవ్ కొట్టగానే బ్రాకెట్లు కిందికి దిగుతున్నాయి

ప్రశ్న: సార్, హన్మకొండలో ఒక చిన్న కంపెనీలో ఎల్‌ఈడీ బోర్డులకి సీ ప్లస్ ప్లస్ కోడు రాస్తున్నాను. ఎడిటర్ వీఎస్ కోడ్. పాత ఫైల్లో రెండు లైన్లు మార్చి సేవ్ కొడితే ఫైలంతా మారిపోతోంది. ఫ్లవర్ బ్రాకెట్లన్నీ కింది లైన్లోకి దిగుతున్నాయి. తెలుగు అక్షరాల వెడల్పు, ఎత్తు ఉండే టేబుల్‌లో నిలువు వరసలు కుదరాలని నేను పెట్టిన ఖాళీలు ఎగిరిపోతున్నాయి. రివ్యూ చేసే అన్న "నువ్వేం మార్చావో కనబడట్లేదు, ఆ ఫార్మాటింగ్ ఆపెయ్" అంటున్నారు. ఆపెయ్యక తప్పదా?
– ఒక పాఠకురాలు, హన్మకొండ

జవాబు: ఆపొద్దమ్మా. కోడుని ఎలా పేర్చాలో ఫార్మాట్ చేసే ప్రోగ్రాముకి మీ ప్రాజెక్టులో ఎవరూ ఏమీ చెప్పలేదు, అందుకని తనకు తోచింది చేస్తోంది.

మైక్రోసాఫ్ట్ వాళ్ల సీ ప్లస్ ప్లస్ ఎక్స్‌టెన్షన్‌తోపాటే కోడుని సర్ది పేర్చే క్లాంగ్-ఫార్మాట్ అనే ప్రోగ్రాము వస్తుంది. మీరు సేవ్ కొట్టగానే అది ముందు ఆ ఫైలున్న ఫోల్డర్లో, తర్వాత పై ఫోల్డర్లలో 'డాట్ క్లాంగ్-ఫార్మాట్' అనే ఫైలు కోసం వెతుకుతుంది. దొరక్కపోతే 'విజువల్ స్టూడియో' అనే స్టైల్ వాడుతుంది. ఆ స్టైల్లో తెరిచే బ్రాకెట్ కొత్త లైన్లో ఉండాలి, ఇండెంట్, అంటే లైను మొదట వదిలే జాగా, 4 ఖాళీలు. మీరు చెప్పిన బ్రాకెట్ల గోల అక్కడిదే. రివ్యూలో ఖాళీల తేడాలు దాచే ఆప్షన్ పెట్టినా లాభం ఉండదు, ఎందుకంటే బ్రాకెట్ కింది లైన్లోకి వెళ్లిందంటే లైనే మారినట్టు లెక్క.

కాబట్టి ఆ ఫైలు ప్రాజెక్టు మొదటి ఫోల్డర్లో పెట్టి గిట్‌లో (కోడు మార్పుల చరిత్ర దాచే సాధనం) చేర్చండి. నాలుగు లైన్లు చాలు: బేస్డ్-ఆన్-స్టైల్ ఎల్‌ఎల్‌వీఎమ్, ఇండెంట్-విడ్త్ 4, కాలమ్-లిమిట్ 100, సార్ట్-ఇన్‌క్లూడ్స్ నెవర్. ఈ పేర్లు ఇంగ్లిష్‌లో, మధ్యలో ఖాళీ గానీ గీత గానీ లేకుండా, ప్రతి పదం మొదటి అక్షరం పెద్దదిగా రాసి, కోలన్ పెట్టి విలువ వెయ్యాలి. ఎల్‌ఎల్‌వీఎమ్ అనే రెడీమేడ్ స్టైల్లో బ్రాకెట్ లైను చివరే ఉంటుంది, మీ అన్నకి కావలసిందీ అదే అనుకుంటాను. నాలుగో లైను మాత్రం మర్చిపోవద్దు. అది లేకపోతే కోడు మొదట్లో చేర్చుకునే హెడర్ ఫైళ్లని అక్షర క్రమంలో పేర్చేస్తుంది. పాత డివైస్ కోడుల్లో ఒక హెడర్ ఇంకోదాని తర్వాతే రావాలనే లెక్కలుంటాయి. ఫార్మాట్ చేశాక కంపైల్ కాకపోతే తప్పు ఎక్కడుందో తోచక జుట్టు పీక్కోవాలి.

ఇక మీ టేబుల్. ఎల్‌ఎల్‌వీఎమ్ మీదికి మారితే దానికి ప్రమాదం ఇంకా ఎక్కువ. ఇప్పుడు ఖాళీలే పోతున్నాయి, రేపు లైను పొడవు 100 దాటకుండా వరసలనే కలిపి మళ్లీ విరుస్తుంది. టేబుల్ పైన రెండు స్లాష్‌లు వేసి 'క్లాంగ్-ఫార్మాట్ ఆఫ్' అని, కింద అలాగే 'క్లాంగ్-ఫార్మాట్ ఆన్' అని చిన్నబడి ఇంగ్లిష్ అక్షరాల్లో కామెంట్లు పెట్టండి. ఆ రెంటి మధ్య అది వేలు పెట్టదు. వరసలు తనే కుదిర్చే అలైన్-అర్రే-ఆఫ్-స్ట్రక్చర్స్ అనే ఆప్షన్ కూడా 13వ వెర్షన్ నుంచి ఉంది. అన్ని వరసల్లోనూ విలువల సంఖ్య సమానంగా ఉంటే బాగానే పనిచేస్తుంది. అయినా నేనైతే కంచె వేసుకోవడానికే ఓటేస్తాను. క వర్గం తర్వాత ఒక జాగా, గుణింతాలకి వేరే ఇండెంట్ అని మీరు పేర్చుకుంటే, ఆ పేర్పు వెనక ఉన్న అర్థం ఏ ఆప్షన్‌కి తెలుస్తుంది?

ఇంకా పాత ఫైళ్లు మిగిలాయి. సెట్టింగుల్లో 'ఫార్మాట్ ఆన్ సేవ్ మోడ్' అని ఉంటుంది, దాన్ని 'మాడిఫికేషన్స్' చెయ్యండి. గిట్‌లో ఉన్న ఫైల్లో మీరు ముట్టుకున్న లైన్లే మారతాయి. ఈ సెట్టింగ్‌ని వర్క్‌స్పేస్‌లో, అంటే ఆ ప్రాజెక్టు సెట్టింగుల్లో పెట్టి, ఆ ఫైలునీ గిట్‌లో చేరిస్తే టీమ్‌లో అందరికీ అందుతుంది.

ఎప్పుడో ఒకప్పుడు కోడంతా ఒకేసారి దిద్దుదామనిపిస్తే దానికి వేరే కమిట్ (గిట్‌లో ఒకసారి భద్రపరిచే మార్పుల కట్ట) పెట్టండి, అందులో ఇంకే మార్పూ కలపొద్దు. ఆ కమిట్ హ్యాష్‌ని, అంటే దాని గుర్తింపు కోడుని, ఒక ఫైల్లో రాసి, ఆ ఫైలుని గిట్‌లో 'బ్లేమ్ ఇగ్నోర్ రెవ్స్ ఫైల్'గా చూపిస్తే, ఏ లైను ఎవరు రాశారని వెతికినప్పుడు మీ పేరు అడ్డం రాదు. 2019లో వచ్చిన గిట్ 2.23 నుంచి ఈ సదుపాయం ఉంది.

అన్న గారి మెషీన్లో క్లాంగ్-ఫార్మాట్ వెర్షన్ ఏమిటో కూడా కనుక్కోండి. వెర్షన్ మారితే అదే ఫైలుకి అక్కడక్కడా వేరే ఫలితం వస్తుంది.