పచ్చి పిప్పితో కరెంటు ఎలా?

ప్రశ్న: మా బెల్లం పాకలో పిప్పిని రెండు మూడు రోజులు ఎండబెట్టాకే పొయ్యిలో వేస్తాం. తడి పిప్పి వేస్తే పొగే తప్ప మంట రాదు. చక్కెర ఫ్యాక్టరీలో మాత్రం మిల్లు నుంచి వచ్చినదాన్ని వచ్చినట్టే బాయిలర్‌కు పంపుతున్నారు. పైగా కరెంటు అమ్ముతున్నారట. ఎలా సాధ్యం?
– ఒక చెరకు రైతు, అనకాపల్లి జిల్లా

జవాబు: ఇరవై ఎనిమిదేళ్లు బాయిలర్ల దగ్గరే గడిపిన నాకు మీ ప్రశ్న ఎంతో నచ్చింది. తడి పిప్పితో నష్టమేమిటో మీ పొయ్యి మీకు ముందే చెప్పేసింది.

చెరకు బరువులో సుమారు 30 శాతం పిప్పిగా మిగులుతుంది. అందులో దాదాపు సగం నీరే. బాయిలర్‌లో వేడిగాలి తోడుగా పిప్పిని విసిరి మండిస్తారు కాబట్టి తడిదైనా అంటుకుంటుంది. కానీ ఆ నీటిని ఆవిరి చేయడానికి బోలెడంత వేడి ఖర్చవుతుంది. రోజుకు 3,000 టన్నుల చెరకు ఆడే మిల్లులో 900 టన్నుల పిప్పి వస్తుంది. దాన్ని ఆరబెట్టడానికి ఏ కళ్లం చాలుతుంది? అందుకే చెరకును వరుసగా పిండే యంత్రాల్లో చివరిదాని (చివరి మిల్లు) రోలర్లే గట్టిగా పిండాలి. తేమ 50 నుంచి 48 శాతానికి దిగితే రోజుకు సుమారు 35 టన్నుల నీరు పొయ్యిలోకి పోకుండా ఆగుతుంది.

నేను పనిచేసిన ఒక మిల్లులో రోలర్ల పళ్లు అరిగిపోయినా మరమ్మతు చేయకుండానే సీజన్ మొదలుపెట్టారు. పిప్పి గుప్పిట పట్టి నొక్కితే వేళ్ల సందుల్లోంచి రసం కారేది, అరచెయ్యి జిగటగా అంటుకునేది. అర్ధరాత్రి ఆవిరి పీడనం పడిపోతుంటే సరుగుడు కట్టెలు కొని తెచ్చి వేశాం. పిప్పి మిగలాల్సిన చోట కట్టెలు కొనడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

ఆ జిగట ఏమిటో గమనించారా? చక్కెర. పిప్పిలో 2 శాతం చక్కెర మిగిలిందంటే, అదే మిల్లులో రోజుకు 18 టన్నులు కాలి బూడిదవుతున్నట్టే. రసంలోకి వచ్చి ఉంటే అది చక్కెరో ఇథనాలో అయ్యేది. అందుకే చివరి మిల్లుకు ముందు పిప్పిపై వేడినీళ్లు చల్లి, మిగిలిన తీపిని కడిగి, మళ్లీ పిండుతారు. ఆ పిండడం సరిగ్గా కుదిరితే ఇటు ఇథనాలూ పెరుగుతుంది, అటు కరెంటూ పెరుగుతుంది.

ఇక అమ్మేటంత కరెంటు ఎక్కడిదంటే, బాయిలర్ పీడనం నుంచి. పాతవి చదరపు సెంటీమీటరుకు 21 కిలోల దగ్గర నడిచేవి. మిల్లు అవసరాలకే సరిపోయేది. కొత్తవి 67, 87 కిలోలు, ఇంకా పైన కూడా నడుస్తాయి. ఆ ఆవిరి ముందు కరెంటు పుట్టించే టర్బైన్ తిప్పుతుంది, తర్వాత తక్కువ పీడనంతో వెళ్లి రసాన్ని కాస్తుంది.

మీ వంతుగా రెండు పనులు చేయండి. చెరకు నరికిన 24 గంటల్లోపు ఆడించండి, ఆకు, మట్టి లేకుండా పంపండి. మట్టి వెంట వస్తే రోలర్లే ముందు అరుగుతాయి.